ఇంటి వెనక కోడిపిల్లలు కావాలంటే మెషిన్ కొనకండి, పొదుగు పెట్టను వెతకండి

మీరు అడిగినవి రెండు. బెంగళూరులో ఇంటి వెనక కాస్త జాగా ఉంది, గుడ్డులోంచి కోడిపిల్ల రావడం పిల్లలకు చూపించాలని ఉంది, దానికి ఇంక్యుబేటర్, అంటే గుడ్లు పొదిగే మెషిన్, కొనాలా అన్నది ఒకటి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు ఆ కోడిపిల్లల్ని పెంచడం వీలవుతుందా అన్నది రెండోది. మేం కె.ఆర్.పురం దాటి హోసకోట వైపు ఉంటాం. కొన్నేళ్ళుగా పెరట్లో నాటుకోళ్ళున్నాయి. మెషిన్‌లోనూ పొదిగించాం, పెట్ట కిందా పొదిగించాం. రెండూ చూశాక చెప్తున్నాను: మెషిన్ వద్దు. పొదుగుకు బాగా కూర్చునే నాటుపెట్ట ఒకటి సంపాదించండి. మీ రెండో ప్రశ్నకు కూడా చాలావరకు జవాబు అదే.

మెషిన్ పనిచేయదని కాదు. ఫ్యాన్ ఉన్న మెషిన్‌లో 37.5 డిగ్రీల వేడి 21 రోజులూ నిలకడగా ఉండాలి. తేమ మొదటి 18 రోజులు 50-55 శాతం, ఆఖరి మూడు రోజులు 65-70 శాతం ఉండాలి. 18వ రోజు వరకు గుడ్లను రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. మనం ఆఫీసులో ఉండగా కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండాలి. ఇవన్నీ చేసుకోవచ్చు. అసలు పని పిల్లలు బయటికొచ్చాక మొదలవుతుంది. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. డిసెంబరు రాత్రుళ్ళు ఇక్కడ ఎలా ఉంటాయో మీకు తెలుసు. బల్బు మాడిపోయిందేమోనని అర్ధరాత్రి లేచి చూసుకోవాలి. తల్లికోడి ఉంటే ఆ వేడంతా దాని రెక్కల కింద దొరుకుతుంది. ఏది తినాలో, గద్ద వస్తే ఎటు పరిగెత్తాలో కూడా అదే నేర్పుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఇంతకన్నా పెద్ద సాయం ఏముంటుంది?

అన్ని పెట్టలూ పొదగవు. ఏడాదికి 300 పైగా గుడ్లు పెట్టేలా తయారుచేసిన ఫారం కోళ్ళలో పొదుగు గుణం దాదాపు పోయింది. పొదుగుకు కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి కాబట్టి, కూర్చోని వాటినే ఏరుకుంటూ వచ్చారు. గిరిరాజ మన హెబ్బాళలోనే పుట్టిన జాతి, పెరటికి మంచి కోడి. పొదుగుకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. నాటుపెట్ట గానీ, పందెం కోళ్ళ జాతి అయిన అసీల్ పెట్ట గానీ చూడండి. చింతామణి, బాగేపల్లి వైపు ఊళ్ళకు వెళ్తే తెలుగులోనే మాట్లాడి తెచ్చుకోవచ్చు. రంగు, బరువు తర్వాత చూడొచ్చు. ముందు "ఇది ఇంతకుముందు పిల్లలు చేసిందా?" అని అడగండి. ఒక్కసారైనా పిల్లల్ని పెంచిన పెట్టయితే మీకు సగం చింత తీరినట్టే. దాంతోపాటు తోడుగా ఇంకో పెట్ట తెచ్చుకోండి, ఒంటరిగా కోడి ఉండలేదు. వీధుల్లో గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు వేసి అమ్మే పిల్లల్ని మాత్రం తేవద్దు. గుడ్ల కోళ్ళ హేచరీలు పనికిరావని పక్కన పెట్టిన మగపిల్లలే చాలావరకు అలా అమ్ముడవుతాయి. ఎక్కువ భాగం ఎన్నో రోజులు బతకవు. వాటిని చూసి పిల్లలు ఏడుస్తారు.

కొట్లో కొన్న గుడ్లు పొదగవు. ఆ ఫారాల్లో పుంజే ఉండదు. పుంజు తిరిగే ఇంటి గుడ్లు కావాలి. పెట్టను కొన్న ఇంట్లోనే అడగండి, పది పన్నెండు ఇస్తారు. అవి వారం లోపు పెట్టినవై ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, కడగొద్దు, సన్నని మొన కిందికి వచ్చేలా చల్లని గదిలో ఉంచండి. ఇలా గుడ్లు బయటినుంచి తెచ్చుకుంటే మీకు పుంజు అక్కర్లేదన్నమాట. ఊరిమధ్య ఇళ్ళలో ఇది పెద్ద సుఖం. తెల్లవారుజామున నాలుగింటికే కూత మొదలైతే పక్కింటివాళ్ళు ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు?

నాటుపెట్ట ఓ పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టాక పొదుగుకొస్తుంది. గూట్లోంచి లేవదు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే ఈకలన్నీ పొంగించి, గొంతులోంచి ఒకలాంటి గుర్రు చేసి, టక్కున పొడుస్తుంది. పొట్ట కింద చేయి పెట్టి చూడండి. అక్కడ ఈకలు రాలి, ఒట్టి చర్మం వేడిగా తగులుతుంది. ఆ చర్మమే గుడ్లకు ఆనుకుని వేడినిస్తుంది. వరసగా రెండు రాత్రులు గూట్లోనే ఉంటే ఇక ఖాయం అనుకోవచ్చు. వెదురు గంపలో అడుగున ఇసుక, పైన గడ్డి, గడ్డిలో ఎండు వేపాకు వేసి చీకటి మూల పెట్టండి. కోడిపేను పట్టిన పెట్ట మధ్యలోనే లేచిపోతుంది, అందుకే వేపాకు. మా అమ్మమ్మ గంపలో ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు కూడా వేసేది, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా. ఉరుములకూ గుడ్లకూ సంబంధం ఉందని నేననుకోను గానీ, ఆ ఇనుప ముక్క ఇప్పటికీ వేస్తాను.

గుడ్లన్నీ ఒకేసారి వేయాలి. రోజుకొకటి చేరిస్తే మొదటి పిల్లలు రాగానే తల్లి లేచి వాటి వెంట వెళ్తుంది, వెనకవి చల్లబడి చస్తాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టి వేస్తే, తోటి పెట్ట వచ్చి పెట్టిపోయిన గుడ్డేదో తెలిసిపోతుంది. చీకటి పడ్డాక వేస్తే పెట్ట గొడవ చేయదు. మీరు పిల్లలకు చూపించాలంటున్నారు కాబట్టి ఆదివారం రాత్రి వేయండి. 21 రోజులంటే మళ్ళీ ఆదివారమే వస్తుంది. పెట్ట రోజుకొకసారి లేచి, గింజలు తిని, నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి, ఒక పెద్ద రెట్ట వేసి పావుగంట, ఇరవై నిమిషాల్లో తిరిగొస్తుంది. ఆ కాసేపు గుడ్లు చల్లబడితే ఏమీ కాదు. మేత, నీళ్ళు మాత్రం గంపకు నాలుగడుగుల్లోనే ఉంచండి.

ఏడో రోజు రాత్రి మీ పిల్లల్ని పిలవండి. దీపాలు ఆర్పి, ఫోన్ టార్చి మీద గుడ్డు లావు మొనను ఆనించండి. పిల్ల కట్టిన గుడ్డయితే లోపలంతా ఎర్రగా వెలిగి, మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్ళలా రక్తనాళాలు కనిపిస్తాయి. ఆ చుక్క కదులుతుంది కూడా. మా ఇంట్లో చిన్నది అది చూసి టార్చి వదిలిపెట్టలేదు, ప్రతి గుడ్డూ తనే చూస్తానంది. ఏమీ లేకుండా తేటగా ఉన్నవి కట్టనివి. ఒక ఎర్రటి వలయం మాత్రమే ఉంటే మధ్యలో చనిపోయిందని అర్థం. రెంటినీ తీసేయండి. లేకపోతే మురిగి, గంపలోనే పగిలి మంచి గుడ్లను కూడా పాడుచేస్తాయి.

18వ రోజు తర్వాత గంపను ముట్టుకోవద్దు, ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. 20వ రోజుకు గుడ్డులోంచి సన్నగా కిచకిచ వినిపిస్తుంది, తల్లి కూడా లోగొంతుతో బదులిస్తూ ఉంటుంది. పెంకు మీద మొదటి బీట పడ్డాక పిల్ల పూర్తిగా బయటికి రావడానికి ఒక్కోసారి ఇరవై గంటలు కూడా పడుతుంది. పాపం అని పెంకు ఒలిచారంటే ఇంకా ఎండని రక్తనాళాలు తెగుతాయి. ఆ సమయంలో పిల్ల ఊరికే లేదు, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటోంది. దాని బలంతోనే పుట్టాక రెండు రోజులు మేత లేకపోయినా ఆగగలదు. కాబట్టి తల్లి తనంతట లేచేదాకా ఆగండి.

మేతకు మొదటి ఆరేడు వారాలూ చిక్ స్టార్టర్ అనే కోడిపిల్లల దాణా కొనండి. ఒట్టి నూకలు, రాగులు పెడితే కాళ్ళు బలపడవు. నీళ్ళు పళ్ళెంలాంటి దాంట్లో గులకరాళ్ళు వేసి పెట్టండి, లోతుగా ఉంటే మునిగిపోతాయి. నేల తడిగా ఉంచొద్దు. వానాకాలంలో నేల మీద పరిచిన వరి ఊక తడిస్తే రక్తపారుడు వస్తుంది. అందుకే ఇక్కడ వానలు వెనకబట్టాకే గుడ్లు వేయడం నాకు ఇష్టం. రాత్రి గూటికి అర అంగుళం కళ్ళ వెల్డ్ మెష్ వేయించండి. మామూలు కోళ్ళ వల లోంచి పందికొక్కు పిల్లను లాగేస్తుంది. పగలు కాకి, గద్ద, పిల్లి ఉంటాయి. పిల్లలు కాస్త ఎదిగేదాకా, మీరు ఇంట్లో లేనప్పుడు తల్లినీ పిల్లల్నీ మూసిన చోటే ఉంచండి.

టీకా సంగతి ఎవరూ చెప్పరు, చెప్పినా వినరు. కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చిందంటే గంపెడు కోళ్ళూ రెండు మూడు రోజుల్లో పోతాయి, మందు లేదు. 5-7 రోజుల వయసులో కంట్లో లసోటా అనే టీకా ఒక చుక్క, నాలుగో వారంలో మళ్ళీ ఒకసారి, ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్‌టూబీ అనే టీకా సూది. చిక్కల్లా ఏమిటంటే టీకా బుడ్డి వంద డోసులకు తక్కువ రాదు, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసు మీదే ఉండాలి. మేం చుట్టుపక్కల కోళ్ళున్నవాళ్ళందరం కలిసి ఒక బుడ్డి తెచ్చుకుని ఒకే ఉదయం వేయించుకుంటాం. మీ పక్కన కూడా ఎవరో ఒకరు ఉంటారు, పుంజు కూత వినిపించే ఇంటికి వెళ్ళి అడగండి. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ళ సంస్థ ఉంది, శిక్షణ కూడా ఇస్తారు. అక్కడే 2012లో టర్కీ కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకింది. కాబట్టి కోళ్ళు ఉన్నట్టుండి వరసగా చస్తే వండుకోవద్దు, పారేయొద్దు, వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఇక పుంజుల మాట. వచ్చిన పిల్లల్లో సుమారు సగం పుంజులే అవుతాయి. నాటు పిల్లల్లో ఏది ఏదో రెండు నెలల దాకా గట్టిగా చెప్పలేం. ఈలోపు మీ పిల్లలు అన్నిటికీ పేర్లు పెట్టేస్తారు. కాబట్టి గుడ్లు వేసే రోజే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి: పుంజుల్ని కోసుకుంటారా, ఊళ్ళో ఎవరికైనా ఇస్తారా? రెండూ తప్పు కాదు. మేం తినేవాటిని తింటాం, పిల్లలకు ఆ మాట దాచలేదు. మా వైపు బంధువులు మంచి అసీల్ పుంజు ఉంటే సంక్రాంతికి పంపమంటారు. బరిలోకి వెళ్ళేదానికి మాత్రం ఇవ్వను. కత్తి కట్టడానికి మేం పెంచలేదు, పైగా చట్టం కూడా ఒప్పుకోదు. గుడ్లిచ్చిన చింతామణి రైతే ఎదిగిన పుంజుల్ని వెనక్కి తీసుకుంటే అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. గుడ్లు తెచ్చుకునేటప్పుడే అడిగి ఉంచండి.

మీ పిల్లలు కోడిపిల్లల్ని ఎత్తుకోవచ్చు, తల్లి కాస్త కోపం తగ్గించుకున్నాక, నాలుగైదు రోజులు ఆగి. నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకోమనండి, నిలబడి ఎత్తుకుంటే జారిపోతాయి. ముద్దులు పెట్టనివ్వొద్దు. వదిలాక సబ్బుతో చేతులు కడుక్కుని తీరాలి, ఎంత శుభ్రంగా కనిపించే కోడిపిల్ల అయినా విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమిని మోసుకురావచ్చు. మీ జాగా ఎంత పొడవు వెడల్పో, ఎండ ఎటువైపు నుంచి పడుతుందో రాస్తే గూడు ఎక్కడ కట్టించాలో చెప్తాను.