పీసీబీల దొంతరలో వెలుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూడు పీసీబీలు (ఎలక్ట్రానిక్ భాగాలు అమర్చే రాగిపూత బోర్డులు) ఒకదాని వెనక ఒకటి పేర్చి గండికోట లోయ బొమ్మ చేశాను. ముందు బోర్డులో రాతిగోడలు, నడిమి దాంట్లో పెన్న, వెనక దాంట్లో తెల్ల ఎల్‌ఈడీలు. మధ్యలో ఎడం కోసం 5 మిల్లీమీటర్ల స్పేసర్లు. ఆకాశం చోట ఎల్‌ఈడీలు చుక్కలు చుక్కలుగా కనబడుతున్నాయి. ఏరు చోట మాత్రం అంతా చీకటి. బోర్డులు పారేయాల్సిందేనా?
– డిప్లొమా విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: అక్కర్లేదు. ముందు ఏటి సంగతి. గ్లాస్ ఎపాక్సీ బోర్డులో వెలుగును ఆపేది రాగి. రాగి, దాని మీది రంగుపూత (మాస్క్) రెండూ పోతే లేత పసుపు పలక మిగులుతుంది, వెలుగు అందులోంచి వస్తుంది. అయితే రెండు వైపులా పోవాలి. ముందు వైపు శుభ్రంగా తీసి, వెనక గ్రౌండ్ (కరెంటు తిరిగివెళ్లే దారి) కోసం పరిచిన రాగిని మరిచిపోవడం ఈ పనిలో మామూలే. నడిమి బోర్డును ఫోన్ టార్చికి అడ్డంపెట్టి చూడండి. ఏటి ఆకారం కనబడకపోతే వెనక రాగి ఉన్నట్టే.

ఆ బోర్డు మీద విడిభాగాలు లేవు కాబట్టి బాగుచేసుకోవచ్చు. వెనక వైపు ఏరున్నంత మేర మాస్క్‌ను కత్తిమొనతో గీకండి. బెజ్జాల చుట్టూ, ఇంకెక్కడైనా బయటికి కనబడే లోహం మీద గోళ్లరంగు పూసి, బాగా ఆరాక రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేయండి. ఈసారి డిజైన్ చేసేటప్పుడు కైక్యాడ్‌లో (బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) రెండు రాగి లేయర్లకూ కీప్‌అవుట్ (రాగి రాకూడని హద్దు) పెట్టి, అదే ఆకారాన్ని ముందు, వెనక మాస్క్ లేయర్లు రెండింట్లోనూ గీయండి. మాస్క్ లేయర్‌లో గీసిన చోట మాస్క్ రాదు. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

ఇంకో మాట. పలక దాటిన ప్రతిసారీ వెలుగు తగ్గుతుంది. అందుకే ముందు బోర్డులో ఏటికి ఎదురుగా ఉన్న భాగాన్ని పూర్తిగా కోయించేయడం మేలు. కోసే బిట్టు గుండ్రంగా ఉంటుంది గనుక లోపలి మూలలు పదునుగా రావు. లోయ అంచులకు అది నప్పుతుంది, గుడి గోపురానికైతే చూడ్డానికి బాగోదు.

ఇక చుక్కలు. ఎల్‌ఈడీల మధ్య ఎడం ఎంతో మీరు రాయలేదు. అది 15 మిల్లీమీటర్లయితే, వాటికీ ఎదుటి బోర్డుకీ మధ్య కూడా కనీసం 15 ఉండాలి. మీరు ఇచ్చింది 5. నడిమి, వెనక బోర్డుల మధ్య మాత్రం 10, 5 స్పేసర్లు కలిపి బిగించండి. బొమ్మ లావవుతుందనుకుంటే నడిమి బోర్డు వెనక రెండు పొరలు ట్రేసింగ్ పేపర్ అంటించండి. కొంత వెలుగు పోతుంది, చుక్కలు కూడా చాలావరకు కలిసిపోతాయి. మా ఓటు మాత్రం దూరానికే.

ప్రశ్న: తోలుబొమ్మ పద్ధతిలో హనుమంతుణ్ణి ఇంట్లోనే ఎచింగ్ (అక్కర్లేని రాగిని కరిగించడం) చేసి చేయాలనుకుంటున్నాను. కొన్న బోర్డు గోధుమరంగులో ఉంది. రంగులెలా వేయాలి?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆ బోర్డు పనికిరాదు. అది కాగితంతో చేసిన ఫినాలిక్ రకం, వెలుగు సరిగా దాటదు. అంగట్లో 1.6 మిల్లీమీటర్ల గ్లాస్ ఎపాక్సీ, ఒకవైపు రాగి ఉన్నది అడగండి. అంచు చూస్తే తెలిసిపోతుంది: పసుపో, లేత పచ్చో ఉంటుంది. ఈ పలక దాదాపు తోలుబొమ్మ తోలులాగే పనిచేస్తుంది. రాగి మిగిలిన చోట నల్లటి గీత, పోయిన చోట వెలుగు. రంగులకు గ్లాస్ పెయింట్ వెనక వైపు నుంచి పూయండి. ఎరుపు, పసుపు, నారింజ చక్కగా పలుకుతాయి. నీలం మాత్రం పలక పసుపుతో కలిసి పచ్చగా మసకబారుతుంది, దాన్ని తక్కువ వాడండి.

ఎచింగ్‌కు ప్లాస్టిక్ తొట్టే వాడాలి. స్టీలు, అల్యూమినియం గిన్నెలను ఫెర్రిక్ క్లోరైడ్ తినేస్తుంది. ద్రావణం 40 డిగ్రీల వరకు వెచ్చగా ఉంటే పని త్వరగా అవుతుంది. అనంతపురం ఎండల్లో దానికి పొయ్యి అక్కర్లేదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది, కాలవలో పోయకండి. బోర్డును కోసేటప్పుడు, ఆకురాయి పట్టేటప్పుడు గాజుపొడి లేస్తుంది. తడిపి రుద్దండి, ముఖానికి మాస్క్ పెట్టుకోండి.

ప్రశ్న: కొండారెడ్డి బురుజు బొమ్మకు 24 తెల్ల ఎల్‌ఈడీలు, 5 వోల్టుల ఫోన్ ఛార్జర్. అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ చాలదా?
– ఎలక్ట్రీషియన్, కర్నూలు

జవాబు: చాలదు. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటే మిగిలేది 2. ఒక్కోదానికి 220 ఓమ్‌లు పెడితే 9 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, మొత్తం 216. ఏ ఫోన్ ఛార్జరైనా సులువుగా ఇస్తుంది. ఒక్కో రెసిస్టర్ మీద పడేది 18 మిల్లీవాట్లే, 0805 అనే చిన్న సైజు సరిపోతుంది. అదే ఒక్కటే పెడితే దాని మీద 0.43 వాట్లు పడి కాలిపోతుంది. అదీగాక 24 ఎల్‌ఈడీల వోల్టేజీ ఒక్కలా ఉండదు. తక్కువ వోల్టేజీది ఎక్కువ కరెంటు లాగి వెలిగిపోతుంది, పక్కది మసగ్గా ఉండిపోతుంది. బురుజు మీద జెండా చోట ఎర్ర ఎల్‌ఈడీ పెడితే దానికి 2 వోల్టులే గనుక 330 ఓమ్‌లు వేయండి.

బోర్డు నుంచి బోర్డుకు వైర్లు లాగనక్కర్లేదు. ఎడమ వైపు ఇత్తడి స్పేసర్లకు 5 వోల్టులు, కుడి వైపు వాటికి గ్రౌండ్ కలిపి, 3.2 మిల్లీమీటర్ల బెజ్జాల చుట్టూ రాగి ప్యాడ్లు ఇస్తే కరెంటు వాటి గుండానే వెళ్తుంది. అలా చేస్తే ఇనుప ఫ్రేములో మాత్రం బిగించకండి, షార్ట్ అవుతుంది. చెక్క ఫ్రేమే వాడండి.