పేరు పెట్టేముందు పురాణం విప్పండి

ప్రశ్న: తిరుపతిలో ముగ్గురు స్నేహితులం కలిసి చీటీల కంపెనీ పెడుతున్నాం. 'కుబేర' అనే పేరు బాగుంటుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు చట్టం సంగతి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం చీటీల వ్యాపారం పేరులో 'చిట్', 'చిట్ ఫండ్', 'చిట్టి', 'కురి' లాంటి, చట్టం చెప్పిన మాటల్లో ఏదో ఒకటి ఉండి తీరాలి. ఉత్త 'కుబేర ఎంటర్‌ప్రైజెస్' అని బోర్డు కట్టి చీటీలు నడిపితే కుదరదు.

ఇక కుబేరుడు. వేరే ఊళ్లో ఆ పేరు వింటే డబ్బు గుర్తొస్తుంది, తిరుపతిలో తీరని బాకీ గుర్తొస్తుంది. పద్మావతితో పెళ్లికి శ్రీనివాసుడు ఆయన దగ్గరే అప్పు తెచ్చి, వడ్డీ ఏటేటా, అసలు కలియుగాంతాన అని పత్రం రాసిచ్చాడని స్థలపురాణం. స్వామి కాబట్టి చెల్లింది. మొదటి నెలలోనే పాట పాడుకున్న మీ సభ్యుడు అదే మాటంటే? ఆ పత్రానికి బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులట. మీకు అంతటివాళ్లు దొరకరు కాబట్టి జామీను పత్రాలు చేతికొచ్చాకే పాట సొమ్ము ఇవ్వండి. అన్నట్టు, ఆ బాకీకి సొమ్ము కొలిచి కొలిచి అలసిపోయి గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడంటారు. మీ క్యాషియర్‌ను చూసి జనం ఆ మాటే అనుకుంటారు!

ప్రశ్న: చిత్తూరు బస్టాండు దగ్గర మెస్ తెరుస్తున్నాను. 'అక్షయపాత్ర' అని పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే పెద్ద సంస్థ పేరది. హోటళ్లు, మెస్సులు ట్రేడ్‌మార్క్‌లో 43వ తరగతి కిందకొస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే తరగతికి 4,500 రూపాయలు, తిరస్కరిస్తే ఆ డబ్బు తిరిగి రాదు. కట్టేముందే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోండి, వెతకడానికి ఖర్చేమీ లేదు.

కథ కూడా మీకు కలిసిరాదు. సూర్యుడిచ్చిన ఆ పాత్ర ద్రౌపది తిననంతవరకే వడ్డిస్తుంది. ఆమె తినేస్తే మర్నాటిదాకా మెతుకు పుట్టదు. దుర్వాసుడు శిష్యులతో దిగింది సరిగ్గా అప్పుడే. మధ్యాహ్నం మూడింటికి 'అన్నం అయిపోయింది సార్' అన్నప్పుడల్లా బోర్డు మిమ్మల్ని వెక్కిరిస్తుంది.

ప్రశ్న: టైల్స్ షాపుకు 'మయసభ' ఎలా ఉంటుంది?
– మరో పాఠకుడు, తిరుపతి

జవాబు: దుర్యోధనుడు నేల అనుకుని మడుగులో పడింది అక్కడే. బాత్‌రూమ్‌కు గరుకు టైల్స్ మాత్రమే అమ్మినా, ఆ బోర్డు చూశాక ఎవరూ నమ్మరు.