డ్రమ్ అండ్ బాస్ పని అయిపోయిందా?

ప్రశ్న: 20 ఏళ్లుగా డ్రమ్ అండ్ బాస్ (వేగమైన డ్రమ్ములతో సాగే ఎలక్ట్రానిక్ సంగీతం) వింటున్నాను. కొత్తవన్నీ ఒకేలా ఉంటున్నాయి. ఇక దాని పని అయిపోయినట్టేనా?

జవాబు: అయిపోలేదండీ, కాస్త బద్ధకించింది. 1990ల మొదట్లో లండన్ కుర్రాళ్లు 1969 నాటి 'ఆమెన్, బ్రదర్' పాటలోంచి ఆరేడు సెకన్ల డ్రమ్ముల ముక్క తీసి, వేగం పెంచి, తునకలు చేసి, అటూ ఇటూ మార్చి అతికించారు. స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ ఎక్కడ పడుతుందో ఊహకు అందేది కాదు. ఇప్పుడు చాలామంది నిమిషానికి 174 బీట్లు పెట్టి, రెండో బీటుకీ నాలుగో బీటుకీ స్నేర్ వేసి చేతులు దులుపుకుంటున్నారు. మొన్న నేనూ ల్యాప్‌టాప్‌లో అదే ముక్క కోస్తూ పొరపాటున ఒక స్నేర్‌ను అర బీటు ముందుకు జరిపాను. ఒళ్లు జలదరించింది! (మా ఆవిడకి తలనొప్పి వచ్చింది, అది వేరే సంగతి.) షికాగో డాన్స్ సంగీతమైన ఫుట్‌వర్క్‌తో కలిపి, 160 బీట్ల దగ్గర చేస్తున్నవి వినండి. అక్కడ స్నేర్ మళ్లీ దారి తప్పుతోంది.