డాక్టర్ సలహా: ఇటలీలో షుగర్ పేషెంట్లకు పాస్తా కంటే డిన్నర్ టైముతోనే చిక్కు

ప్రశ్న: నా వయసు 61. ఉద్యోగం నుంచి రిటైరై గుంటూరులో ఉంటున్నాను. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్ 2 ఎంజీ, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500, బీపీకి టెల్మిసార్టన్ 40 వేసుకుంటున్నాను. మొన్న చేయించిన, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.3 వచ్చింది. రాత్రిళ్లు అరికాళ్లలో కాస్త మంటగా ఉంటుంది. మా అమ్మాయి బొలోన్యాలో ఎంఎస్ చదువుతోంది. సెప్టెంబరు చివర్లో నేనూ, మా ఆవిడా వెళ్తున్నాం. రోమ్‌లో నాలుగు రోజులు, బొలోన్యాలో నాలుగు రోజులు, సియెనా దగ్గర పల్లెలో ఒక రైతు ఇంట్లో నాలుగు రోజులు ఉంటాం. పరుగులు పెట్టొద్దు నాన్నా, నిదానంగా తిరుగుతూ తినడమే ఈ ట్రిప్పు అంటూ అమ్మాయి ఊరూరికీ తినాల్సిన వాటి లిస్టు పంపింది. మా ఆవిడ బియ్యం, పప్పు, నెయ్యి మూట కడుతోంది. పాస్తా, పిజ్జా, జెలాతో అనే అక్కడి ఐస్ క్రీమ్ తింటే షుగర్ ఎంతకు పోతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏవి తినొచ్చు, ఏవి మానేయాలి?

జవాబు: మీరు వెళ్లేదే తినడానికి కాబట్టి హాయిగా తినండి. పదకొండేళ్ల షుగర్‌కు 7.3 భయపడాల్సిన అంకె కాదు. ఈ పన్నెండు రోజుల్లో రీడింగులు ఒకటి రెండుసార్లు 200 దాటినా కొంపలేం మునిగిపోవు. మీరు రాసిందంతా షుగర్ పెరగడం గురించే. నాకు మాత్రం అది పడిపోతుందేమోనని భయం. మీరు వేసుకునే గ్లిమెపిరైడ్‌తో ఆ ప్రమాదం ఉంది. ఇంట్లో వేళకు తింటారు కాబట్టి ఇన్నేళ్లూ మీకు ఆ ఇబ్బంది తెలిసి ఉండదు. ఇటలీలో తెలుస్తుంది.

నా దగ్గర చూపించుకునే ఒక పెద్దాయన రోమ్ వెళ్లొచ్చి చెప్పిన సంగతి వినండి. ఆయనవీ దాదాపు ఇవే మాత్రలు. పొద్దున మాత్ర వేసుకుని, కాఫీ కొట్లో నిలబడే ఒక కప్పుచ్చీనో కాఫీ, కొర్నెత్తో అనే ఒక తీపి బన్ను కానిచ్చారు. తర్వాత కొలోసియమ్, పక్కనే ఫోరమ్ శిథిలాలు, ఎక్కడ చూసినా మెట్లే. మధ్యాహ్నం ఎండలో ఆకలి లేదని ఒక ఆపిల్‌తో సరిపెట్టారు. సాయంత్రం ఆరున్నరకు ఆకలి దంచేస్తుంటే హోటల్‌కు వెళ్లారు. తలుపు మూసి ఉంది. అద్దంలోంచి చూస్తే కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఏడున్నరకు తెరుస్తామని బోర్డు. గంటే కదా అని మెట్టు మీద కూర్చున్నారు. పావుగంటలో ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. భార్య పలకరిస్తే పొంతన లేని జవాబు చెప్పారట. ఆవిడ పక్కనున్న కాఫీ కొట్లోకి పరుగెత్తి, కౌంటర్ మీద గ్లాసులో పెట్టి ఉన్న పంచదార పొట్లాలు గుప్పెడు తెచ్చి, నీళ్లలో కలిపి తాగించారు. పది నిమిషాలకు మనిషి తేరుకున్నారు. గ్లూకోమీటర్ మాత్రం గదిలో సూట్‌కేసులో ఉంది.

ఆయన తిన్నది ఎక్కువై ఇలా జరగలేదు, తినక జరిగింది. ఇటలీలో హోటళ్ల వంటగది మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి సుమారు రెండున్నర వరకే నడుస్తుంది. మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడున్నరకు, కొన్నిచోట్ల ఎనిమిదికి. రోజంతా తెరిచి ఉండే టిఫిన్ సెంటర్ మనకు అలవాటు, అక్కడ అది దొరకదు. గ్లిమెపిరైడ్‌కు ఈ వేళలతో పని లేదు. మీరు తిన్నా తినకపోయినా రోజంతా ఇన్సులిన్ ఊరేలా చేస్తూనే ఉంటుంది. దానికి రోజుకు పది, పన్నెండు వేల అడుగుల నడక తోడైతే కండరాలు ఉన్న షుగర్‌ను లాగేసుకుంటాయి. అందుకే మధ్యాహ్న భోజనం ఏ రోజూ ఎగ్గొట్టొద్దు. ఒంటి గంటకల్లా బల్ల దగ్గర కూర్చోండి. ఇది మీ అమ్మాయి లిస్టులో పై వరుసలో రాయించండి.

సాయంత్రం ఆరు, ఏడు మధ్య అక్కడివాళ్లకు అపెరితీవో అని ఒక అలవాటుంది. గ్లాసుతో పాటు ఆలివ్ కాయలు, వేరుశనగలు, చిన్న చిన్న రొట్టె ముక్కలు పెడతారు. ఆ వేళ మీకు వరం లాంటిది. నారింజ రంగులో ఉండే స్ప్రిట్జ్ మీకొద్దు, అందులో చక్కెరా, ఆల్కహాలూ రెండూ ఉంటాయి. టమాటా జ్యూసో, సోడానో తెప్పించుకుని ఆ గింజలు, రొట్టె తినండి. డిన్నర్ దాకా ఓపిక ఉంటుంది.

ఇక మీరడిగిన తిండి సంగతి. పాస్తా అనగానే మైదా అనుకుంటాం. ఎండు పాస్తాను దురుం అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. పలుకు మిగిలేలా ఉడికిస్తారు, దాన్నే అల్ దెంతె అంటారు. అలా ఉడికిన పాస్తా అన్నం కంటే, తెల్ల బ్రెడ్ కంటే నెమ్మదిగా అరుగుతుంది. ఇటాలియన్ ఇళ్లలో మనిషికి 80 గ్రాముల ఎండు పాస్తా లెక్క. 80 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో ఎంత పిండి పదార్థం ఉంటుందో ఇందులోనూ దాదాపు అంతే. అక్కడ అది ప్రీమో, అంటే మొదటి వడ్డన మాత్రమే. పళ్లెం చిన్నగా ఉందని బుట్టలో రొట్టె కూడా లాగించేస్తే లెక్క తప్పుతుంది. కూర్చోగానే వచ్చే ఆ రొట్టె బుట్టను అమ్మాయి వైపు జరిపేయండి. ముందు కొంతోర్నో అనే కూరల పళ్లెం చెప్పండి. రోమ్‌లో వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి ఆలివ్ నూనెలో మగ్గించిన చికోరియా ఆకుకూర ఇస్తారు, మన తోటకూర వేపుడు గుర్తొస్తుంది. కూర, తర్వాత చేపో చికెనో గుడ్డో, చివరికి పాస్తా అన్న వరుసలో తింటే తిన్నాక షుగర్ తక్కువగా పెరుగుతుంది. వెయిటర్ వింతగా చూస్తే చూడనివ్వండి.

బొలోన్యాలో రాగూ అనే మాంసం కూర వేసిన తల్యాతెల్లె పాస్తా లిస్టులో తప్పకుండా ఉంటుంది. రాగూలో బీఫ్, పోర్క్ ఉంటాయి. తొర్తెల్లీని అనే చిన్న పాస్తా మడతల్లో కూరేది కూడా పోర్కే. అవి తినకపోతే రికోత్తా అనే మెత్తటి చీజ్, పాలకూర కూరిన తొర్తెల్లోని అడగండి. శాకాహారులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి. పార్మిజానో చీజ్ చేసేటప్పుడు పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉంటే ముందే వద్దని చెప్పాలి. ఆ ఊళ్లో నాకు ఇష్టమైన మందు వేరే ఉంది. ఎండా వానా తగలకుండా నడవడానికి ఊరంతా కమానుల వరండాలు, మొత్తం 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కాయి. భోజనం కాగానే గదికి వెళ్లి పడుకోకుండా, వాటి కింద ఇరవై నిమిషాలు మీ ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ నడవండి. అదే పాస్తాకు రీడింగులో తేడా మీకే కనిపిస్తుంది.

నేను కాస్త జాగ్రత్త చెప్పేది పిజ్జాకే. నేపుల్స్ పద్ధతిలో ఒక్క పిజ్జాకు దాదాపు 250 గ్రాముల పిండి ముద్ద వాడతారు. పిండి పదార్థమే నూరు గ్రాములు దాటుతుంది. పైగా చీజ్‌లోని కొవ్వు వల్ల అరుగుదల నెమ్మదిస్తుంది. తిన్న రెండు గంటలకు చూస్తే 160 ఉండి, ఆహా అనుకుని పడుకుంటారు, నాలుగో గంటకు 240 ఉండొచ్చు. ఒక పిజ్జాను ఇద్దరు పంచుకోండి, అదీ మధ్యాహ్నం పూట. జెలాతో రోజు విడిచి రోజు, చిన్న కప్పు, నడక మధ్యలో. దానికి భయపడకండి. కానీ షుగర్ పడిపోయినప్పుడు జెలాతో, చాక్లెట్ పనికిరావు. కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు కావలసింది 15 గ్రాముల పంచదార, లేదా ఒక చిన్న గ్లాసు పళ్లరసం. పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని, 70 దాటకపోతే ఇంకోసారి. తేరుకున్నాక కాస్త రొట్టె తినాలి.

సియెనా వైపు పల్లెల్లో మీకు దిగుల్లేదు. ఆ తొస్కానా ప్రాంతం వాళ్లను మిగతా ఇటలీవాళ్లు చిక్కుడు గింజలు తినేవాళ్లని ఆటపట్టిస్తారు. తెల్ల బీన్స్, నల్ల క్యాబేజీ ఆకు, పాత రొట్టె వేసి మరిగించే రిబొల్లీతా పీచు నిండిన తిండి. అక్కడి రొట్టెలో అసలు ఉప్పే వేయరు. చప్పగా ఉందని మొహం చిట్లించకండి, మీ బీపీకి అది మేలు. ఉప్పంతా ప్రోషుత్తో మాంసంలోనూ, పెకొరీనో చీజ్‌లోనూ ఉంటుంది, వాటిని రెండు ముక్కలతో ఆపండి.

సెప్టెంబరు చివర్లో అక్కడ ద్రాక్ష కోతలు. ఇంటివాళ్లు తప్పకుండా వైన్ ముందు పెడతారు. మీకు అలవాటు లేకపోతే అక్కడ మొదలుపెట్టొద్దు. అలవాటుంటే భోజనంతో ఒక గ్లాసు, ఖాళీ కడుపుతో గుక్క కూడా వద్దు. వైన్ తాగిన రాత్రి లివర్ షుగర్ విడుదల చేయడం తగ్గిస్తుంది, గ్లిమెపిరైడ్ తన పని తను చేస్తూనే ఉంటుంది. నిద్రలో షుగర్ పడిపోతే పక్కవాళ్లకూ తెలియదు. ప్రతి రాత్రీ పడుకునే ముందు వేలు గుచ్చి చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే నాలుగు బిస్కెట్లో, కాస్త రొట్టె, చీజో తిని పడుకోండి.

అరికాళ్ల మంట గురించి ఒక్క ముక్కలో రాశారు గానీ, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతింటే పుండు పడినా తెలియదు. రోమ్ పాత వీధుల్లో నల్లరాతి దిమ్మలు పరిచి ఉంటాయి, ఎత్తుపల్లాలుగా. కొత్త బూట్లు కొని నేరుగా అక్కడ తొడగొద్దు. ఇప్పుడే కొని నెల రోజులు గుంటూరులో నడవండి. రోజూ రాత్రి మీ శ్రీమతిగారితో అరికాళ్లు, వేళ్ల సందులు చూపించుకోండి. బొబ్బ కనిపిస్తే చిదపొద్దు, ఆ రోజుకు నడక ఆపేయండి. పల్లెలో గడ్డి మీద కూడా చెప్పుల్లేకుండా తిరగొద్దు. నీళ్లు బాగా తాగండి. రోమ్‌లో వీధివీధినా నాసోనీ అనే ఇనప కుళాయిలున్నాయి, 1874 నుంచి వాటి నీళ్లు జనం తాగుతున్నారు. సీసా నింపుకోండి.

మందులు చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి, ఐదు రోజులకు అదనంగా. ఇటలీ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక, అందుకే వెళ్లే రోజు అంత పెద్దదవుతుంది. ఆ రోజు గ్లిమెపిరైడ్ మొదటి సరైన భోజనంతో ఒక్కసారే వేసుకోండి, అనుమానంతో రెండోది వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్ ఆపి, మిగతా మాత్రల గురించి మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆకుపచ్చ ప్లస్ గుర్తు కనిపిస్తే అది మందుల షాపు. అత్యవసరమైతే 112. షుగర్ ఉందని చెప్పడానికి 'సోనో దియాబేతికో' అనే రెండు మాటలు నేర్చుకోండి. వీసా కోసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు, పాత జబ్బు వల్ల వచ్చే ఎమర్జెన్సీకి అది వర్తిస్తుందో లేదో సంతకం పెట్టకముందే అడగండి.

ప్రయాణానికి మూడు వారాల ముందు మీ డాక్టర్‌ను కలిసి, నడక ఎక్కువుండే రోజుల్లో గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించాలా, మరో మాత్రకు మారాలా అని అడగండి. నా జవాబు చదివి మీరే తగ్గించుకోవద్దు. కిడ్నీ పరీక్ష, కాళ్ల స్పర్శ పరీక్ష కూడా అప్పుడే అయిపోతాయి.

శ్రీమతిగారి మూటలోంచి నెయ్యి తీసేయమనండి, పాల పదార్థాలను యూరప్‌లోకి రానివ్వరు. బియ్యం, పప్పు అమ్మాయి ఇంట్లో ఉండే ఉంటాయి. ఆ ఖాళీలో పుట్నాలు చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పెట్టమనండి. రోజుకొక పొట్లం, దాంతో పాటు నాలుగు పంచదార పొట్లాలు, గ్లూకోమీటర్ మీ జేబులోనో భుజాన సంచిలోనో ఉంటే, సాయంత్రం హోటల్ తలుపు మూసి ఉన్నా మీకు కంగారుండదు.