కారుకి పెయింట్ కొట్టిన రోజు రాత్రే దగ్గు, ఆయాసం.. మిగతా సగం నేనే కొట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు, హన్మకొండలో ఉంటాం. మా నాన్నగారు కొన్న 2006 మారుతి 800 ఇంకా ఇంట్లోనే ఉంది. రంగంతా వెలిసిపోయింది. షాపులో అడిగితే ఫుల్ బాడీ పెయింటింగ్‌కి చెప్పిన రేటు దాదాపు కారు రేటంత ఉంది. అందుకే వీడియోలు చూసి, కంప్రెసర్ అద్దెకు తెచ్చుకుని నేనే మొదలుపెట్టాను. దుమ్ము పడకుండా కింద పార్కింగ్‌లో షట్టర్ దించి పని చేస్తున్నా. నెల రోజులుగా ఆదివారాలు లప్పం, ప్రైమర్ అయ్యాయి. రెండు వారాల క్రితం బానెట్‌కి ఎరుపు రంగు వేసి, దాని మీద హార్డెనర్ కలిపిన క్లియర్ కోట్ కొట్టాను. ఎన్95 మాస్క్ పెట్టుకున్నా. అప్పుడు కాస్త తలనొప్పి తప్ప ఏమీ లేదు, కానీ రాత్రి 2 గంటలకు దగ్గుతో లేచాను, ఛాతీ పట్టేసినట్టు ఉంది, పిల్లికూతలు వచ్చాయి. మర్నాటికి తగ్గింది. మొన్న ఆదివారం రెండు డోర్లు కొట్టాను, మళ్లీ అదే. మెడికల్ షాపులో దగ్గు సిరప్, యాంటీబయాటిక్ ఇచ్చారు. మా అమ్మకు ఆస్తమా ఉంది, పాపకు నాలుగేళ్లు. ఇంకా సగం కారు మిగిలింది. మంచి మాస్క్ కొనుక్కుని పూర్తి చేయొచ్చా?

సమాధానం: వద్దండీ. మీ ప్రశ్నకు నేరుగా జవాబు ఇదే. ఎంత మంచి మాస్క్ కొన్నా సరే, మీరు మాత్రం ఇక స్ప్రే గన్ పట్టుకోవద్దు, కనీసం పరీక్షలు అయ్యేదాకా. నాన్నగారి కారు మీద ఉన్న ప్రేమతో చేస్తున్న పని ఇది, సగంలో వదిలేయమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, కానీ మీరు రాసిన లక్షణాలు చదివాక ఇంకో మాట చెప్పలేను.

ఎందుకో చెప్తాను. క్లియర్ కోట్‌లో మీరు కలిపిన హార్డెనర్ ఉంది చూశారా, ఆ చిన్న డబ్బా, అందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పెయింటర్లు టూకే (2K) అని పిలిచే, హార్డెనర్ కలిపి వాడే ప్రతి పెయింట్‌లోనూ దాదాపు ఇవే. ఆ అద్దంలాంటి మెరుపు, గట్టిదనం వీటివల్లే వస్తాయి. గన్‌తో కొట్టినప్పుడు ఇవి సన్నటి పొగమంచులా గాలిలోకి లేస్తాయి, అందులో చాలా భాగం కంటికి కూడా కనిపించదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక కొందరి శరీరం వీటిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. వైద్యభాషలో దాన్ని సెన్సిటైజేషన్ అంటాం. ఒకసారి ఆ గుర్తు పడిందా, తర్వాత అతి కొద్ది మోతాదు తగిలినా శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. మొదటిసారి తట్టుకున్నాం కదా, అలవాటైపోతుందిలే అనుకుంటారు చాలామంది, ఇక్కడ జరిగేది సరిగ్గా దానికి ఉల్టా. బ్రిటన్‌లో కార్లకు స్ప్రే పెయింట్ చేసేవాళ్లకు ఆస్తమా వచ్చే ముప్పు మిగతా పనివాళ్లతో పోలిస్తే సుమారు 80 రెట్లు ఎక్కువ అని అక్కడి ప్రభుత్వ భద్రతా విభాగమే చెప్తోంది.

మీకు అనుమానం రాకపోవడానికి కారణం టైమింగ్. మధ్యాహ్నం పెయింట్ కొట్టారు, సాయంత్రం స్నానం చేసి, భోజనం చేసి పడుకున్నారు, రాత్రి 2 గంటలకు దగ్గు మొదలైంది. పెయింట్ వల్లే అయితే కొడుతున్నప్పుడే రావాలి కదా అనిపించడం సహజం. ఐసోసయనేట్ల ఆస్తమా చాలాసార్లు ఇలాగే కొన్ని గంటల తర్వాత, ముఖ్యంగా రాత్రిపూట వస్తుంది. కొడుతున్నప్పుడు వచ్చిన తలనొప్పి వేరే సంగతి, అది థిన్నర్ పని. థిన్నర్‌లోని టాల్యూయిన్, జైలీన్ లాంటి ద్రావకాలు ముందు తలకెక్కుతాయి. ఆ ఘాటు వాసన తెలుస్తుంది కాబట్టి మనం దానికే భయపడతాం. హార్డెనర్‌కి అలాంటి హెచ్చరిక కూడా లేదు, హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకు తెలియదు. ప్రైమర్‌లో కూడా హార్డెనర్ కలిపారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. కలిపి ఉంటే మీ ఊపిరితిత్తులకు దానితో పరిచయం రెండు వారాలది కాదు, నెల రోజులది.

అయితే ఇది కచ్చితంగా ఆస్తమానే అని ఇక్కడ కూర్చుని తేల్చేయను. మూసిన గదిలో ఘాటు ఆవిర్లకు శ్వాసనాళాలు కమిలిపోయినా ఇలాగే దగ్గు, పిల్లికూతలు వస్తాయి, అది కొన్నాళ్లకు సర్దుకుంటుంది. కానీ రెండుసార్లు కొడితే రెండుసార్లూ అదే రాత్రి రావడం, మధ్యలో బాగుండటం, ఇంట్లో తల్లికి ఆస్తమా ఉండటం.. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం అటువైపే ఎక్కువ.

ఎన్95 గురించి చెప్పాలి, ఎందుకంటే కోవిడ్ తర్వాత అది పెట్టుకుంటే అన్నిటికీ రక్షణ అనే నమ్మకం చాలామందిలో ఉండిపోయింది. అది కణాలను ఆపుతుంది, ఆవిర్లను ఆపదు. థిన్నర్ ఆవిరి దానిలోంచి నేరుగా లోపలికి వచ్చేస్తుంది. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి డెంటింగ్, పెయింటింగ్ షాపులో పనిచేసే ఒకాయన వచ్చారు. పని నుంచి నేరుగా ఓపీకి వచ్చినట్టున్నారు, మెడలో చేతి రుమాలు అలాగే ఉంది. పని చేసేటప్పుడు నాలుగు మడతలు వేసి ముక్కుకు కట్టుకుంటానన్నారు. విప్పి చూపించమన్నాను. పై మడత మీద సిల్వర్ రంగు దట్టంగా ఉంది, రెండోదాని మీద కాస్త పలచగా ఉంది, మూడో మడత మీదా ఉంది, చివరికి ముక్కుకు తగిలే లోపలి మడత మీద కూడా రెండు గుండ్రటి మరకలు, ముక్కుపుటాల ఆకారంలో. రోజూ పని అయ్యాక బెల్లం ముక్క తింటానండీ, దుమ్మంతా కడిగేసుకుపోతుంది కదా అన్నారు నమ్మకంగా. బెల్లం కడుపులోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోదు అని చెప్పాల్సి వచ్చింది. ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం, చేతిలో మంచి పని ఉంది, కానీ చివరికి పెయింట్ పూర్తిగా మానేయాల్సి వచ్చింది, పక్క షెడ్‌లో ఎవరైనా కొట్టినా ఆయాసం వచ్చేసేది. ఆయనకు అది కూడు పెట్టే పని, మానడానికి ఆలస్యం చేశారు. మీకు ఆ ఇబ్బంది లేదు, ఇప్పుడే ఆపగలరు. ఈ జబ్బులో ఎంత తొందరగా దూరం జరిగితే ఊపిరితిత్తులు కోలుకునే అవకాశం అంత ఎక్కువ.

మరి మంచి మాస్క్ అంటే ఏది? టూకే పెయింట్ కొట్టేవాళ్లకు సరైనది బయటి నుంచి పైపు ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్క్, దానితోపాటు పాత గాలిని లాగేసే పెయింట్ బూత్. ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్‌లు కూడా దొరుకుతాయి, ఎన్95 కన్నా ఎన్నో రెట్లు నయం, కానీ కార్ట్రిడ్జ్ పని అయిపోయిందని మనకు తెలిసేది వాసన వచ్చినప్పుడే, ఐసోసయనేట్‌కి ఆ వాసనే తెలియదని పైన చెప్పాను కదా. గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి అతుక్కోదు. ఇంకోటి, కోట్ అవ్వగానే మెరుపు ఎలా వచ్చిందో చూడాలని అందరూ మాస్క్ పైకెత్తి వంగి చూస్తారు, మీరూ చూసే ఉంటారు. గన్ ఆపాక కూడా ఆ మంచు చాలా నిమిషాలు గాలిలోనే ఉంటుంది, షట్టర్ దించిన పార్కింగ్‌లో అయితే ఇంకా ఎక్కువసేపు. దుమ్ము పడకూడదని మీరు మూసిన షట్టరే మీ ఊపిరితిత్తుల మీదికి తెచ్చింది. షట్టర్ తెరిచి కొడితే సరిపోతుందా అంటే, ఆ మంచు పైన అమ్మగారి గదికి, పక్కింటికి పోతుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఆ యాంటీబయాటిక్ మిమ్మల్ని పరీక్ష చేసి ఇచ్చింది కాదు, మీరు రాసిన లక్షణాలకు దాని అవసరం కూడా నాకు కనిపించడం లేదు. ఆవిరి పట్టినా గొంతుకు హాయిగా ఉంటుందేమో కానీ దీన్ని తగ్గించదు. అమ్మగారి ఇన్‌హేలర్ తీసుకుని సొంతంగా వాడటం మొదలుపెట్టకండి. ఈ వారంలోనే పల్మనాలజిస్ట్‌ని, అంటే ఊపిరితిత్తుల డాక్టర్‌ని కలవండి, వరంగల్ ఎంజీఎంలోనైనా సరే, ప్రైవేటులోనైనా సరే. పెయింట్, హార్డెనర్, థిన్నర్ డబ్బాల లేబుళ్లు ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి, డబ్బాలు మోసుకెళ్లక్కర్లేదు. ఏ రోజు ఏది కొట్టారో, ఎన్ని గంటలకు దగ్గు మొదలైందో ఒక కాగితం మీద రాసివ్వండి, సగం రోగ నిర్ధారణ దానిలోనే అయిపోతుంది. స్పైరోమెట్రీ చేస్తారు, గట్టిగా ఊదే పరీక్ష అది. మీరు బాగున్న రోజు చేస్తే నార్మల్ రావచ్చు, నార్మల్ వచ్చింది కదా అని ఏమీ లేదనుకోకండి. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ పరికరం ఉంటుంది, ఖరీదు పెద్దగా ఉండదు, డాక్టర్ చెప్తే అది కొనుక్కుని పొద్దున, రాత్రి ఊది రెండు వారాలు అంకెలు రాసుకోండి. అంతేగానీ పరీక్ష కోసమని ఇంకోసారి పెయింట్ కొట్టి చూడొద్దు.

ఈలోపు మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఆక్సిమీటర్‌లో 94 కన్నా తగ్గినా పొద్దున్నే చూద్దాంలే అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పెయింట్ కొట్టిన కొన్ని గంటలకు చలి జ్వరం, ఒళ్లు నొప్పులు, ఆయాసం కలిసి వస్తే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల లోపలి భాగంలో వాపు తెచ్చినప్పుడు అలా ఉంటుంది.

అమ్మగారి విషయం: వాసన పూర్తిగా పోయేదాకా ఆవిడను కింద పార్కింగ్‌లోకి రానివ్వకండి, ఆవిడ రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపకుండా చూడండి.

పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే ఉంది. థిన్నర్ లూజ్‌గా కొంటే ఏ వాటర్ బాటిల్‌లోనో, కూల్ డ్రింక్ సీసాలోనో పోసిస్తారు. చూడటానికి అచ్చం నీళ్లే. ఎండాకాలం, దాహం, నాలుగేళ్ల పిల్ల, మూలన నీళ్ల సీసా.. ఒక్క గుక్క చాలు. అలాంటి సీసా ఏదైనా ఉంటే ఇది చదవడం ఆపేసి ముందు వెళ్లి తీసేయండి. ఎప్పుడైనా అలా జరిగితే వాంతి మాత్రం చేయించకండి, ఉప్పునీళ్లు, పాలు పట్టకండి. వాంతిలో థిన్నర్ ఊపిరితిత్తుల్లోకి జారితే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకో సంగతి, పాత కార్ల పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధన వచ్చింది, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది, కానీ అది ఇళ్ల రంగులకే. మీ కారుకి మధ్యలో ఎవరైనా లోకల్‌గా రంగు వేయించారేమో తెలియదు కాబట్టి, రుద్దిన పొడిని చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో తుడవండి, రుద్దేటప్పుడు వేసుకున్న బట్టలతో పాపను ఎత్తుకోకండి.

చేతులకు అంటిన పెయింట్‌ని థిన్నర్‌తో కడుక్కునే అలవాటు ఉంటే మానండి, కొబ్బరినూనె రాసి సబ్బుతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా కుళాయి నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. మీ పార్కింగ్‌లో స్కూటర్, మీటర్ బోర్డు, మోటార్ స్విచ్ ఉండే ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ సరిపోతుంది.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే మిగతా పాఠకులకు నా సలహా ఇది. లప్పం రాయడం, వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దడం, మాస్కింగ్ టేప్ వేయడం ఇంట్లో చేసుకోండి, నిజానికి షాపులో ఎక్కువ కూలి పడేదీ ఈ పనికే. పొడిగా రుద్దేటప్పుడు ఎన్95 పనికొస్తుంది. హార్డెనర్ కలిపి గన్‌తో కొట్టే పని మాత్రం బూత్ ఉన్న షాపుకి వదిలేయండి. ప్రైమర్‌కి కూడా ఇదే మాట. చిన్న గీతలకు మామూలు స్ప్రే క్యాన్ అయితే ఆరుబయట కొట్టుకోవచ్చు, కొనేముందు క్యాన్ మీద టూకే అని ఉందేమో చూసుకోండి, అందులోనూ అదే హార్డెనర్ ఉంటుంది.

మీ కారుకూ అదే దారి. మీరు నెల రోజులు పడ్డ కష్టం వృథా కాదు, సగం కొట్టిన బండైనా షాపువాళ్లు తీసుకుంటారు. మీరు కొట్టిన బానెట్, డోర్లు కూడా పైపైన రుద్ది మొత్తం ఒకేసారి కొడితే షేడ్ తేడా రాదు. లప్పం, ప్రైమర్ పని అయిపోయింది కాబట్టి రేటు తగ్గించి మాట్లాడుకోండి. కొట్టేటప్పుడు మీరు అక్కడ నిలబడకండి, పూర్తిగా ఆరాక వెళ్లి తెచ్చుకోండి. తెలుపు నుంచి ఎరుపుకి మారుస్తున్నట్టయితే ఆర్సీలో రంగు మార్పించుకోవాలి, అది ఆర్టీఏ ఆఫీసులో అడగండి. సీట్లు, లోపలి లైట్లు, రబ్బరు బీడింగులు మీ చేత్తో మీరే మార్చుకోవచ్చు, ఇంకా చాలా పని ఉంటుంది ఆ బండిలో.

ఇవాళే షట్టర్ పూర్తిగా ఎత్తించి కారును బయటికి తోయించండి, ఆ పని మీరు కాకుండా ఇంకెవరైనా చేస్తే మంచిది. మిగిలిన హార్డెనర్‌ని, థిన్నర్‌ని డ్రైనేజీలో పోయకండి, మూత బిగించి మీరు కారు ఇవ్వబోయే షాపుకే ఇచ్చేయండి.