ఒక్కరే నడిపే బ్లాగు సేవ: ఏ సౌకర్యం ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: నేను ఒక్కడినే రాసి, ఒక్కడినే నడుపుతున్న చిన్న బ్లాగు సేవలో ప్రస్తుతం టపా రాయడం, ప్రచురించడం, కొత్త టపాలను ఫీడ్ రీడర్లకు అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మాత్రమే ఉన్నాయి. వ్యాఖ్యలు, ఈమెయిల్ చందా, సొంత డొమైన్, ముందే పెట్టుకున్న సమయానికి టపా ప్రచురణ కావాలని వాడుకరులు అడుగుతున్నారు. ఉన్న కాస్త తీరికలో దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: ఎంతమంది అడిగారన్నది పక్కన పెట్టి, కోడు రాయడం పూర్తయ్యాక ఏది మీ సమయాన్ని ఎంత తింటుందో చూసి క్రమం నిర్ణయించుకోండి. ఆ లెక్కన సమయానికి ప్రచురణ ముందుకు వస్తుంది, వ్యాఖ్యలు చిట్టచివరకు పోతాయి. వీటన్నిటికన్నా ముందు మీ వాడుకరులెవరూ అడగని పని ఒకటుంది. టపాలన్నిటినీ బొమ్మలతో సహా ఒకే జిప్ ఫైలుగా దించుకునే వీలు కల్పించండి. ట్విటర్ 2012లో కొన్న పోస్టరస్ అనే బ్లాగు సేవ 2013 ఏప్రిల్ 30న మూతపడింది. అక్కడ రాసుకున్నవారికి చివరికి అక్కరకొచ్చింది తమ టపాలను దించుకునే వీలే. ఒక్క మనిషి మీద నడిచే సేవలో ఆ భరోసా ఇంకా ఎక్కువ అవసరం.

సమయానికి ప్రచురణలో కోడు కొద్దిగానే ఉంటుంది గానీ, తప్పు చేయడానికి చోటు బాగానే ఉంటుంది. నేను మొదటిసారి రాసినప్పుడు, నిమిషానికోసారి నడిచే పనిలో ఇప్పటి సమయం టపాకు పెట్టిన సమయంతో సమానమా అని పోల్చాను. సరిగ్గా ఆ నిమిషంలోనే సర్వరు రీస్టార్ట్ అయింది, ఆ టపా ఇక బయటకు రాలేదు. పోల్చవలసింది సమానత్వాన్ని కాదు. పెట్టిన సమయం దాటిపోయి ఇంకా ప్రచురణ కానివి ఏవైనా ఉన్నాయా అని అడగాలి. వాడుకరి పెట్టిన సమయాన్ని ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలో భద్రపరిచి, చూపేటప్పుడు మాత్రమే అతని ప్రాంతపు సమయానికి మార్చండి.

సొంత డొమైన్ విషయంలో అసలు బరువు సైటు https తో భద్రంగా తెరుచుకోవడానికి కావలసిన సర్టిఫికెట్లది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ గడువు చాలాకాలంగా 90 రోజులు, దాన్ని ఇంకా తగ్గించే దిశగానే ఆ సంస్థ సాగుతోంది. కాబట్టి పునరుద్ధరణ మీ చెయ్యి పడకుండా జరిగిపోవాలి; జరగని రోజున మీకు వెంటనే తెలియాలి. డొమైన్ మీ సర్వరు వైపు తిరిగిందని, ఏ డొమైన్ ఏ సర్వరుదో చెప్పే డీఎన్‌ఎస్‌లో సరిచూసుకున్న తర్వాతే సర్టిఫికెట్ అడగండి.

ఈమెయిల్ చందా కోసం ఉత్తరాలు పంపే సర్వరును మీరే నడపాలనుకోకండి, ఆ పనికే ఉన్న సేవకు డబ్బు కట్టడం మేలు. అప్పుడు కూడా ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అమరికలు సరిగా పెట్టుకోవడం మీ బాధ్యతే. జీమెయిల్, యాహూ 2024 నుంచి పెద్ద సంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి వీటితోపాటు ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలును కూడా తప్పనిసరి చేశాయి. జీమెయిల్ లెక్కలో పెద్ద సంఖ్య అంటే రోజుకు 5,000 ఉత్తరాలు. మీరు ఆ దరిదాపుల్లో లేకపోయినా ఆ పద్ధతే పాటించండి. మానుకునే దారి కనబడని పాఠకుడు స్పామ్ మీట నొక్కుతాడు, దాని దెబ్బ మీ డొమైన్ మీద ఉన్న అందరి ఉత్తరాలకూ తగులుతుంది.

వ్యాఖ్యలు పెట్టిన కొద్ది రోజులకే మీరు డెవలపర్ కన్నా కాపలాదారు పని ఎక్కువ చేస్తుంటారు. వ్యాఖ్యల్లోని స్పామ్‌ను నిరుత్సాహపరచడానికి సెర్చ్ ఇంజిన్లు 2005లోనే ‘ఈ లంకెను లెక్కలోకి తీసుకోవద్దు’ అని చెప్పే నోఫాలో గుర్తును తెచ్చాయి, అయినా స్పామ్ ఆగలేదు. ప్రస్తుతానికి ప్రతి టపా కింద రచయితకు ఈమెయిల్‌లో జవాబు రాసే లంకె పెట్టి చూడండి. చాలామందికి అది సరిపోతుంది.

ప్రశ్న: నా బ్లాగు సేవకు ఎస్‌క్యూలైట్ డేటాబేసులో మాటలను వెతికిపెట్టే ఎఫ్‌టీఎస్5తో వెతుకులాట చేర్చాను. ఇంగ్లీషు టపాల్లో చక్కగా పనిచేస్తోంది. తెలుగులో మాత్రం ‘పులి’ అని వెతికితే పాలు, పూలు ఉన్న టపాలు కూడా వస్తున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: లోపం మీ కోడులో లేదు, వాక్యాన్ని మాటలుగా విడగొట్టే యూనికోడ్61 టోకనైజర్ అమరికలో ఉంది. అది మామూలుగా అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతపు గుర్తులూ పొల్లూ యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో కాక చిహ్నాల (మార్క్) వర్గంలో ఉంటాయి కనుక, వాటిని ఖాళీల్లాగే చూస్తుంది. అందువల్ల పులి అన్నా, పాలు అన్నా, పూలు అన్నా సూచికలోకి చేరేది ‘ప’, ‘ల’ అనే రెండు ముక్కలే. ఆ టోకనైజర్‌కు ఉన్న కేటగిరీస్ అమరికలో చిహ్నాల వర్గాన్ని కూడా చేర్చి, పట్టికను కొత్తగా సృష్టించి, టపాలన్నిటినీ మళ్లీ అందులోకి ఎక్కించండి. పాత పట్టిక మీద ఈ అమరిక మార్చడం కుదరదు.

ఇంతటితో సగం పనే అవుతుంది. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో కొందరు మధ్యలో కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను టైపు చేస్తారు, కొందరు చేయరు. సూచికలోకి ఎక్కించేటప్పుడూ, వెతికే మాటలోనూ దాన్ని తీసేస్తే రెండూ కలుస్తాయి. విభక్తుల సంగతి మరొకటి. ‘పుస్తకం’ అని వెతికినవారికి పుస్తకాలు, పుస్తకాన్ని ఉన్న టపాలు కూడా రావాలంటే, మాట చివరి సున్నాను తొలగించి, ‘పుస్తక’తో మొదలయ్యే మాటలన్నిటినీ అడగాలి. దీనివల్ల అప్పుడప్పుడు అక్కరలేని ఫలితం ఒకటి రెండు వచ్చినా, ఏమీ దొరకకపోవడం కన్నా నయం. 2020 డిసెంబరులో వచ్చిన ఎస్‌క్యూలైట్ 3.34 నుంచి మూడేసి యూనికోడ్ గుర్తులుగా (కోడ్ పాయింట్లుగా) విడగొట్టే ట్రైగ్రామ్ టోకనైజర్ కూడా ఉంది. అది మాట మధ్యలోని భాగాన్ని సైతం పట్టుకుంటుంది, కానీ సూచిక బాగా పెరిగిపోతుంది, మూడు కోడ్ పాయింట్ల కన్నా చిన్న మాట దానికి దొరకదు.

ప్రశ్న: టపాల చిరునామాల్లో అంకెల బదులు తెలుగు శీర్షికలు వచ్చేలా మార్చాలనుకుంటున్నాను. పాత లంకెల మాటేమిటి?

జవాబు: ప్రతి పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 (శాశ్వత) దారి మళ్లింపు పెట్టి, దాన్ని ఎప్పటికీ తీయకండి. తెలుగు శీర్షిక అడ్రసు పట్టీలో అందంగా కనబడినా, కాపీ చేసి వేరేచోట అతికించినప్పుడు ఒక్కో గుర్తు మూడు బైట్లుగా, అంటే తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలంత పొడవుగా మారుతుంది. నాలుగు మాటల శీర్షిక మూడు వరుసలు ఆక్రమిస్తుంది. అందుకని అంకెను అలాగే ఉంచి దాని వెనుక శీర్షిక చేర్చండి, సర్వరు మాత్రం అంకెను మాత్రమే చూసి టపాను వెతకాలి. అప్పుడు లంకె తోక ఎక్కడైనా తెగినా టపా తెరుచుకుంటుంది. ఫీడ్‌లో ప్రతి టపాకు గుర్తింపుగా ఉండే గైడ్ (guid) విలువ కొత్త చిరునామాతో పాటు మారిపోకుండా చూసుకోండి. మారితే ఫీడ్ రీడర్లు మీ పాత టపాలను కొత్తవనుకొని చదువరుల ముందు మళ్లీ కుప్పపోస్తాయి.