కటింగ్ మెషీన్ కొన్న చిన్నమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి, తిరుపతి నుంచి మీ పెద్దమ్మ దీవించి రాయునది.

కాగితాలూ స్టిక్కర్లూ కోసే క్రికట్ మెషీన్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. పెట్టె విప్పీ విప్పకముందే ఎదురింటివాళ్ల పెళ్లికి 300 శుభలేఖలు చేసిస్తానని మాటిచ్చావనీ చెప్పింది. ఫోన్ చేస్తే ‘సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు ఆ 300 సంగతి తేల్చుకో పాపా. సన్న కన్నాల జాలీ పని ఉన్న కార్డు ఒక్కటి కట్ కావడానికి ఆరు నిమిషాలు పడుతుందనుకో. మూడొందలకి 1800 నిమిషాలు, అంటే 30 గంటలు. అది మెషీన్ తిరిగే టైము మాత్రమే. జిగురు మ్యాట్ మీద కాగితం పరచడం, తీయడం, జాలీలో ఇరుక్కున్న ముక్కల్ని సూదితో పొడవడం, మడత వేయడం, లోపలి కాగితం అంటించడం, కవర్లో పెట్టడం ఇవన్నీ నీ చేతుల పనే. మధ్యలో బ్లేడు మొద్దుబారుతుంది, కరెంటు పోతుంది, పెళ్లివాళ్లు ముహూర్తం టైములో ఒక అంకె మార్చమంటారు. రేపే వెళ్లి చెప్పు: ‘మామూలు కార్డులు ప్రెస్సులో అచ్చు వేయించుకోండి, ఓ పాతిక మాత్రం నేను చేతిపనితో చేసిస్తాను’ అని. కొండకి స్వామివారికి పంపే తొలి శుభలేఖ, వియ్యాలవారికి, మేనమామలకి ఇచ్చేవి, ఇల్లిల్లూ తిరిగి పిలిచేటప్పుడు పసుపు కుంకుమ పెట్టిచ్చే చిన్న కవర్లు. నీ మెషీన్ అందం కనిపించేది వాటిలోనే. వాళ్లకీ ఖర్చు కలిసొస్తుంది.

ఈ మెషీన్ ఏదో కొత్త వింత అనుకోకు. బైకుల నంబరు ప్లేట్లకి రేడియం స్టిక్కర్లు కోసే కుర్రాళ్లు ఇదే పని ఎప్పట్నుంచో చేస్తున్నారు. వాళ్లది పెద్ద ప్లాటర్, నీది ఇంట్లో టేబుల్ మీద పట్టేది, అంతే తేడా. రోలర్ షీటుని ముందుకీ వెనక్కీ జరుపుతుంది, బ్లేడు అడ్డంగా కదులుతుంది. ఫైల్లో గీత ఎటు పోతే బ్లేడు అటు పోతుంది. ఎంత ఒత్తాలో, కింద ఉన్నది ఏ కాగితమో దానికి నువ్వు చెప్పాలి. మీ చిత్తూరులోనూ అలాంటి షాపులకి కొదవలేదు. ఒక మధ్యాహ్నం పని తక్కువున్నప్పుడు పోయి నిలబడి చూడు. అక్షరాల చుట్టూ మిగిలిన స్టిక్కర్‌ని ఆ అబ్బాయి పైకి లాగడు. దాదాపు షీటుకి ఆనించి, వెనక్కి మడిచినట్టుగా నెమ్మదిగా లాగుతాడు. అలా చేస్తేనే సన్న అక్షరాలు లేచి రావు. యూట్యూబ్‌లో పది వీడియోలు చూసినా ఆ వేళ్ల ఒడుపు అంత బాగా తెలియదు.

ఇక కాగితం. నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. మెషీన్ కొన్నవాళ్లంతా పది రకాల కాగితాలు, గ్లిట్టర్ షీట్లు, వెల్వెట్ షీట్లు కొని బీరువా నింపుతారు. నువ్వు మాత్రం మొదట ఒకే ఒక్క కాగితం పట్టుకో. 220 నుంచి 250 జీఎస్ఎం మధ్య ఉన్న, మెరుపు లేని కార్డ్ షీటు చాలు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది. 300 దాటితే మడత దగ్గర పొర పగులుతుంది, 160 కంటే తక్కువైతే కార్డు నిలబడదు. లోపలి పొరలకీ పువ్వులకీ మాత్రం 120, 160 బాగుంటాయి. ఒకే కాగితం మీద పనిచేస్తే బ్లేడు ఎంత ఒత్తితే ఎలా తెగుతుందో నీకు పట్టుబడుతుంది. అక్కడినుంచి మిగతావి వాటంతట అవే వస్తాయి. చేత్తో చేసిన కాగితం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ దానిలో నార ఎక్కువ. సన్న జాలీ కోయబోతే తెగకుండా పీచులు లేస్తుంది. దాన్ని వెనక పొరగా వాడుకో.

కాగితానికి వాటం ఉంటుంది, ప్రెస్సువాళ్లు గ్రెయిన్ అంటారు. షీటుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి విరవకుండా మెల్లగా వంచి చూడు. ఎటు తేలిగ్గా వంగుతుందో మడత అటు రావాలి. ఎదురు వాటాన మడిస్తే అంచు పళ్లు పళ్లుగా తెల్లబడుతుంది, ముదురు రంగు కాగితం మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మడత గీతకి స్టైలస్ కొనకపోయినా ఇబ్బంది లేదు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు చాలు.

కార్డు సైజు కూడా నీ ఇష్టానికి పెట్టుకోకు. ముందు కవరు కొను, తర్వాత కార్డు గీయి. ఏ4 షీటుని సగానికి మడిస్తే ఏ5 అవుతుంది, దానికి సీ5 కవరు సరిపోతుంది. అందంగా ఉందని చదరపు కార్డు చేసి, కవరు దొరక్క చివరికి కవర్లు కూడా నువ్వే కోసుకుంటూ కూర్చోవద్దు. ఎప్పుడైనా చెన్నై వెళ్తే ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో తిరుగు. కాగితం, కవర్లు, శుభలేఖల దుకాణాలు వరసగా ఉంటాయి. చేత్తో ముట్టుకుని చూసి కొనాల్సిన సరుకు ఇది.

ఏ షీటు పెట్టినా సరే, అసలు డిజైన్ పంపేముందు ఒక మూల చిన్న త్రికోణం కోసి చూడు. ముక్క తేలిగ్గా ఊడొస్తే ఒత్తిడి సరిపోయింది. అంచులు చిరిగితే బ్లేడు మొద్దుబారినట్టు, లేదా దాని మొనకి కాగితం పీచు చుట్టుకున్నట్టు. అల్యూమినియం ఫాయిల్‌ని గట్టి ఉండలా చుట్టి బ్లేడు మొనతో దాన్ని నాలుగైదు సార్లు గుచ్చితే పీచు పోతుంది. కాగితానికి ఒక బ్లేడు, స్టిక్కర్‌కి ఒక బ్లేడు వేరుగా పెట్టుకో. కాగితం కోసిన బ్లేడు తొందరగా అరిగిపోతుంది, దాంతో స్టిక్కర్ కోస్తే మూలలు చెదురుతాయి.

మ్యాట్ మీద నుంచి కార్డు తీయడం చూస్తే నీ పనితనం తెలిసిపోతుంది. అందరూ కాగితం మూల పట్టుకుని పైకి లాగుతారు, కార్డు చుట్టుకుపోయి మళ్లీ చదునవదు. నువ్వు మ్యాట్‌ని బోర్లించి, కాగితాన్ని టేబుల్‌కి అదిమి పట్టి, మ్యాట్‌ని వంచుతూ మెల్లగా పైకి ఎత్తు. కాగితం నుంచి మ్యాట్‌ని ఊడదీయాలి. సన్న కాగితానికి లేత నీలం మ్యాట్, కార్డ్ షీటుకీ స్టిక్కర్‌కీ ఆకుపచ్చ మ్యాట్, మందమైన అట్టకి ఊదా మ్యాట్. కొత్త ఆకుపచ్చ మ్యాట్ జిగురు మరీ గట్టిగా ఉంటే, శుభ్రమైన నూలు గుడ్డ నాలుగుసార్లు అద్ది తీస్తే మెత్తబడుతుంది. మన ఊళ్ల దుమ్ము సంగతి నీకు తెలిసిందే. పని అవగానే పైన ప్లాస్టిక్ షీటు కప్పెయ్. జిగురు తగ్గిందని పారేయకు, గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి వేళ్లతో రుద్ది, నీడలో ఆరనిస్తే చాలామటుకు జిగురు తిరిగొస్తుంది. కార్తీకంలో తుఫాను వానలు పట్టాయంటే కాగితం తేమ పీల్చి వంకర్లు పోతుంది. ప్లాస్టిక్ కవర్లో చదునుగా పెట్టి, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు పడెయ్.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త. ఈ మెషీన్లకి వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలు కోసేవాళ్లే, మన తిప్పలు వాళ్లకి తెలియవు. గృహప్రవేశం అన్న ఒక్క మాట అట్టలో కోసి చూడు. హ మీద తలకట్టు ఒక ముక్క, ప మీద తలకట్టు ఇంకో ముక్క, చివరి సున్నా వేరే, ఫాంటుని బట్టి వట్రసుడి, క్రావడి కూడా విడిపోతాయి. మ్యాట్ మీద మాట చక్కగా కనిపిస్తుంది, ఎత్తగానే ముక్కలన్నీ రాలిపోతాయి. స్టిక్కర్ అయితే ఈ బెడద లేదు, ట్రాన్స్‌ఫర్ టేపు అన్నిటినీ ఉన్నచోటనే పట్టుకుని గోడకి దింపుతుంది. కార్డు మీద అంటించే అక్షరాలకీ అదే టేపు వాడొచ్చు. వేలాడదీసే అక్షరాలకీ, కేకు మీద గుచ్చే పేర్లకీ మాత్రం ముక్కలు కలపక తప్పదు.

దానికి కంప్యూటర్లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేసుకో, అది ఉచితం. క్రికట్ వాళ్ల డిజైన్ స్పేస్ యాప్‌లో నేరుగా టైపు చేస్తే ఒత్తులు చెదిరే ప్రమాదం ఉంది, ఇంక్‌స్కేప్‌లో తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. మాట టైపు చేసి, పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి, గ్రూపు విడదీయి. తలకట్టుకీ అక్షరానికీ మధ్య 2 మిల్లీమీటర్ల సన్న పట్టీ ఒకటి గీయి. సున్నాకీ పక్క అక్షరానికీ అలాగే. అన్నీ కలిపి ఎంచుకుని ‘యూనియన్’ కొట్టి, ఎస్వీజీగా సేవ్ చేయి. డిజైన్ స్పేస్‌లో తెరవగానే సైజు ఒకసారి కొలుచుకో. ఈ పట్టీల పని విసుగనిపిస్తే అక్షరాల వెనక ఆఫ్‌సెట్‌తో వెడల్పాటి నీడలాంటి అట్ట వేసి దానిమీద ముక్కలు అంటించు, అదీ బాగుంటుంది. స్టెన్సిల్ కోసేటప్పుడు కష్టం తిరగబడుతుంది, ర, ఠ లాంటి అక్షరాల లోపలి గుండ్రాలు రాలిపోయి అక్షరం బొక్కలా మిగులుతుంది. అక్కడ లోపలినుంచి బయటికి వారధి వదలాలి. ఫాంటు విషయంలో సన్నగీతల సోకులకి పోకు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉంది, లావుగా, కోతకి అనువుగా ఉంటుంది. అక్కడి తెలుగు ఫాంట్లు అమ్మకపు పనికీ వాడుకోవచ్చు, లైసెన్సు ఒప్పుకుంటుంది. కార్టూన్ బొమ్మలు, సినిమా హీరోల బొమ్మలు మాత్రం నెట్‌లో దొరికాయి కదా అని కోసి అమ్మకు.

స్టిక్కర్ పని గురించి రెండు మాటలు చాలు. గోడకి తీసేయగలిగే రకం, గాజు సీసాలకీ స్టీలు డబ్బాలకీ పర్మనెంట్ రకం. సున్నం గోడ మీద, చేత్తో తుడిస్తే పొడి అంటుకునే డిస్టెంపర్ మీద ఏదీ నిలవదు, డబ్బు తీసుకోకముందే గోడ చూసి రా. గాజు మీద దింపేటప్పుడు సబ్బు కలిపిన నీళ్లు కొద్దిగా చల్లితే జరుపుకుని సరిచేసుకోవచ్చు, బుడగలు పాత ఏటీఎం కార్డుతో తోసేయి.

ఇంటి అలంకారాలకి మన దగ్గర ఉన్న ముడిసరుకు ఇంకెక్కడుంది చెప్పు? శ్రీకాళహస్తి పక్కనే ఉంది. కలంతో గీసిన కలంకారీ జోలికి పోవద్దు, ఒకరు రోజుల తరబడి గీసిన బట్టని ముక్కలు చేయడం నాకు మనసొప్పదు. పెడన అచ్చుల బట్టల్లో పీసులు దొరుకుతాయి. ముదురు కార్డ్ షీటులో నెమలి ఆకారమో తామర ఆకారమో కిటికీలా కోసి, వెనకనుంచి ఆ బట్ట ముక్క డబుల్ సైడ్ టేపుతో అంటించు. తెల్ల గమ్ము వద్దు, దానిలో నీళ్లుంటాయి, కాగితం ఉబ్బుతుంది. బట్టని మెషీన్లో పెట్టాల్సిన పనే లేదు.

నువ్వు ముందుగా చేయాల్సింది, నన్నడిగితే, ఏడుకొండల ఫ్రేము. ఏడు పొరల కాగితం, ఒక్కో పొరలో ఒక్కో కొండ గీత. ముందు పొర ముదురు ఆకుపచ్చ, వెనక్కి పోయేకొద్దీ లేతబడుతూ చివరిది పొగమంచు రంగు. వాన వెలిసిన పొద్దున అలిపిరి వైపు నిలబడి చూస్తే కొండలు అలాగే కనిపిస్తాయి. ఏడు పొరలకీ బయటి చట్రం ఒకే కొలతలో ఉండాలి, మధ్యలో 3 మిల్లీమీటర్ల ఫోమ్ టేపు వేస్తే ఆరు సందులకి 18 మిల్లీమీటర్లు. కాబట్టి లోపల రెండున్నర సెంటీమీటర్ల లోతున్న ఫ్రేము తీసుకో, వెనక చిన్న ఎల్ఈడీ తీగ కూడా పడుతుంది. గృహప్రవేశాలకి ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది!

శంఖుచక్రాలు, నామం కోసేటప్పుడు మాత్రం ఎక్కడికి పోతాయో ఆలోచించు. రిటర్న్ గిఫ్టు సంచుల మీద, పేపరు కప్పుల మీద వద్దు, సాయంత్రానికి చెత్తబుట్టలో ఉంటాయి. వాటికి మామిడాకులు, చిలకలు, తామరలు వేయి. ఇది నా చాదస్తమే అనుకో, నా పిలకాయలు చేసే పనిలో అది ఉండకూడదు.

ధర చెప్పేటప్పుడు కాగితం ఖరీదుకి ఇంత కలిపి చెప్పకు. పాడైపోయే షీట్లు, కవర్లు, బ్లేడు అరుగుదల, అన్నిటికంటే ముఖ్యంగా నువ్వు కూర్చున్న గంటలు లెక్కవేయి. మొదటి కార్డు చేసేటప్పుడు గడియారం చూసుకుంటే నీకే తెలుస్తుంది. సగం డబ్బు ముందు తీసుకో. మ్యాటరు మొత్తం వాట్సాప్‌లో పంపి, ఇంటి పెద్దవాళ్ల చేత ‘సరే’ అని రాయించుకున్నాకే బ్లేడు దించు. గోత్రం, ఇంటిపేరు తప్పు పడితే చుట్టరికాల్లో మాట మిగిలిపోతుంది.

ఏడుకొండల ఫ్రేము ఫైలు గీయగానే నాకు పంపు. కింద ఊరి పేరు పెట్టేట్టయితే ‘తిరుపతి’లో ప దగ్గర పట్టీ వేశావో లేదో నేనే చూసి చెప్తా. మీ అమ్మకి, నాన్నకి నా ఆశీస్సులు.

మీ పెద్దమ్మ